అసలు చదువు – నకలు చదువు

గ్రామ కచేరీలో తరచుగా వినబడు మాటలు రెండు కలవు. ఒకటి అసలు, రెండవది నకలు. నకలు నిందింపదగిన వస్తువు కాదు. అసలు పత్రము భద్రముగా నున్నంతకాలము దాని నకలు పదిచోట్ల పనికివచ్చును. అసలు లేక నకలు మాత్రమే మిగిలిననాడు చిక్కు మొదలగును. ఎవడైన ఎదురుప్రశ్న వేసినచో నకలు తనకు తానై సాక్ష్యము చెప్పుకొనజాలదు. చదువు విషయమునను ఇట్టి భేదమే కలదు. ఒకని బుద్ధిలో మొలకెత్తి, ప్రయాసతో పెరిగి, అతనితో కూడ నిలిచిన తెలివి అసలు చదువు. ఇతరుల తెలివిని మాటకు మాటగా నెత్తి తన పేర చూపుట నకలు చదువు.

ఈ భేదమును గూర్చి తలపోయవలసిన అగత్యము నేడు ప్రతి యింటికిని కలిగినది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ యను కృత్రిమ మేధ ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. నాటినుండి సెల్‌ఫోను గల బాలుడెవడైనను ప్రశ్నను టైపు చేసి, వ్యాసమునో, లెక్కనో, ఉత్తరమునో క్షణములో వ్రాయించుకొనగలుగుచున్నాడు. ఇక చదువుట యెందుకని పిల్లలు అడుగుచున్నారు. ఇక చదివించుట యెట్లని పెద్దలు విచారించుచున్నారు. గ్రంథాలయము తన రజతోత్సవమును జరుపుకొను ఈ వేళ ఆ ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పునో పరిశీలించుట సముచితము.

వీధిబడిలో వల్లెవేత

పూర్వము గ్రామములలో వీధిబడులుండెడివి. అరుగుమీదనో, గుడి మండపములోనో, చెట్టు నీడనో పంతులు కూర్చుండెడివాడు. పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్ది, పిదప పలకమీదను, తాటియాకుమీదను వ్రాయ నేర్చెడివారు. గుణింతములు, ఎక్కములు, శతక పద్యములు, అమరకోశము నోటికి వచ్చువరకు వల్లెవేయుట నాటి పద్ధతి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠము చెప్పెడివారు. మద్రాసులోని యొక అనాథ శరణాలయపు పాఠశాలను నిర్వహించిన ఆండ్రూ బెల్లు అను మతాచార్యుడు ఈ యేర్పాటును 18వ శతాబ్ది చివర అనుసరించి ఇంగ్లండునకు కొనిపోగా, అచట దానికి మద్రాసు పద్ధతి యని పేరు కలిగెను.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ విద్యను గూర్చి జిల్లా కలెక్టరులను విచారింపుమని కోరెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో తన నివేదికను పంపెను. ఇతడు 1816లోనే తెలుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసినవాడు గనుక పైపైన చూచి పలికిన విదేశీయుడు కాడు. తెలుగు, కన్నడములు రెండును వ్యవహారములో నున్న ఆ జిల్లాలో 533 బడులున్నవని ఆతడు లెక్క తేల్చెను. తక్కువ ఖర్చుతో అక్షరములు నేర్పు పద్ధతిని, పిల్లలచేత పిల్లలకు చెప్పించు నేర్పును మెచ్చుకొనెను. ఒక లోపమును కూడ దాచక చెప్పెను. బాలురు ప్రాచీన భాషలోని పద్యములను అర్థము తెలియకయే చిలుకలవలె వల్లించుచున్నారనియు, తాము నిత్యము పలుకు పద్యపు భావమును విప్పి చెప్పలేకున్నారనియు దాని సారాంశము.

ఈ మాటను గుర్తుంచుకొనదగును. కంప్యూటరు పేరు కూడ పుట్టని కాలమున, సెల్‌ఫోను లేని పల్లెలలో, అర్థము లేని శబ్దము చదువుగా చెలామణి యగుచుండెను. కావున నకలు చదువు యంత్రముతో వచ్చిన రోగము కాదు. అయినను వల్లెవేతలో ఒక గుణము కలదు. కంఠస్థమైన పద్యము విత్తనమువలె లోపల పడియుండి, వయస్సు వచ్చిన పిదప ఏదో యొకనాడు అర్థముతో మొలకెత్తవచ్చును. చూచివ్రాసిన జవాబునకు ఆ భాగ్యము కూడ లేదు. అది కాగితముమీదనే పుట్టి కాగితముమీదనే నశించును.

పృచ్ఛకుల యెదుట

ప్రాచీనులు వల్లెవేతను చదువునకు మొదటి మెట్టుగా నెంచిరే గాని తుదిమెట్టుగా నెంచలేదు. చదివినవాడు సభలో నిలిచి ఎదుటివాని ప్రశ్నకు సమాధానము చెప్పగలిగినపుడే పండితుడనిపించుకొనెను. తెలుగువారి అవధానవిద్య ఈ పరీక్షకు పరాకాష్ఠ. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టును కూర్చుందురు. ఒకడు సమస్య నిచ్చును. ఒకడు నాలుగు మాటలిచ్చి వానిని పద్యములో పొదుగుమనును. నిషిద్ధాక్షరి యడుగువాడు అవధాని పలుకు ప్రతి యక్షరము పిదప ఏ యక్షరము రాగూడదో నిషేధించును. నడుమ నొకడు అప్రస్తుత ప్రసంగముతో మనస్సును చెదరగొట్టును. వేరొకడు గంట మ్రోగించుచుండగా ఆ మ్రోతలను లెక్కింపవలయును. కడపట ధారణ యని కలదు. విడివిడిగా చెప్పిన పాదములను కూర్చి పద్యములన్నిటిని అవధాని తిరిగి యప్పగింపవలయును. 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది మొదటను తిరుపతి వేంకట కవులని ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఈ విద్యతో తెలుగుదేశమంతటను సంచరించి జనసామాన్యమున కవిత్వాభిరుచి కలిగించిరి.

ఈ పరీక్షలో చీటీలు దాచుట వ్యర్థము. ప్రశ్న ముందుగా లేదు; అప్పుడే, అచ్చటనే పుట్టుచున్నది. జవాబు నడుమ తిరిగి ప్రశ్న వచ్చుచున్నది. చెప్పినదానిని చెప్పినవాడే మరల అప్పగింపవలసియున్నది. ఎదురుప్రశ్న, ధారణ అను ఈ రెండును చదువునకు గీటురాళ్లు. అయితే ఆ కాలమును స్వర్ణయుగమని పొగడుటయు న్యాయము కాదు. ఆ సభలలో కూర్చుండు భాగ్యము కొలది కులములకును, పురుషులకును మాత్రమే దక్కెను. పొలము దున్నువాని కుమారుడు, నూలు నేయువాని కుమార్తె పృచ్ఛకుని ముఖమైనను చూడలేదు. వ్రాతపరీక్ష వచ్చిన పిదపనే, దానికెన్ని దోషములున్నను, పేరు చూడక అంకెను మాత్రమే చూచి మార్కులు వేయు ధర్మము కొంత నెలకొనెను. ఆ వ్రాతపరీక్షను దొంగిలించువాడు బడుగువాని నిచ్చెనను లాగివేయుచున్నాడని గ్రహింపవలయును.

కొలచాలవారి నియమము

చదువుకొనువానికి సహాయము చేయుట తప్పా యను ప్రశ్నకు ఈ ప్రాంతమే గొప్ప సమాధానమిచ్చినది. సంగారెడ్డికి పొరుగుననే మెదకు జిల్లాలో కొల్చారము అను గ్రామము కలదు. కాళిదాసుని చదువు భారతదేశమందలి విద్యార్థులందరు ఏ మహానుభావుని చేయి పట్టుకొని నడచుచున్నారో ఆ కోలాచల మల్లినాథసూరి ఈ గ్రామపువాడు. ఆతడు 14, 15 శతాబ్దుల ప్రాంతమున జీవించెనని పండితుల యభిప్రాయము. రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశములకు సంజీవని యను వ్యాఖ్యను, కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, శిశుపాలవధమునకు సర్వంకషను, నైషధమునకు జీవాతువును ఆతడు రచించెను. సంజీవని యను పేరునకు కారణము కలదు. అంతకు పూర్వపు దుష్ట వ్యాఖ్యలవలన మహాకవి వాక్కునకు హాని కలిగినదనియు, దానికి తిరిగి ప్రాణము పోయుటకే తాను పూనుకొంటిననియు ఆతని భావము. చెడ్డ గైడు పుస్తకముల బాధ నాటికే యుండెనన్నమాట.

మల్లినాథుడు తన పనికి ఒక నియమము పెట్టుకొనెను. ఆధారము చూపలేని మాటను వ్రాయకుండుట యందులో మొదటిది. చదువరికి అక్కరలేని మాటను చేర్చకుండుట రెండవది. ఆ నియమము ఆతని వ్యాఖ్యలో అడుగడుగునను కనబడును. శ్లోకములోని మాటలను అన్వయక్రమమున పేర్చును. ఒక పదమునకు అర్థము చెప్పినచో ఏ నిఘంటువు అట్లు చెప్పినదో చూపును. ఒక రూపమును సాధించినచో ఏ వ్యాకరణ సూత్రము దానికి మూలమో చెప్పును. పిదప అలంకారమును తెలిపి తొలగిపోవును. చదువరి సందేహించినచో ఆ నిఘంటువును, ఆ సూత్రమును తానే తెరచి చూచుకొనవచ్చును. మల్లినాథుడు విద్యార్థిని చేయి పట్టుకొని కావ్యముకడకు నడిపించినాడే గాని, భుజముమీద నెక్కించుకొని మోయలేదు; వానికి బదులుగా తాను పరీక్షకు కూర్చుండలేదు. సహాయమునకును మోసమునకును గల సరిహద్దు ఇదియే. మూలమువద్దకు చేర్చునది సహాయము. మూలమును చూడవలసిన పనియే లేకుండ చేయునది మోసము.

పరీక్ష వచ్చిన విధము, గ్రంథాలయము వచ్చిన విధము

వ్రాతపరీక్షకు పుట్టినిల్లు చీనా దేశము. అచట రాజోద్యోగములకు పరీక్షలు వేయి సంవత్సరములకు పైగా నడచి 1905లో రద్దయ్యెను. అభ్యర్థులను వేరువేరు గదులలో కూర్చుండబెట్టి కావలి కాచినను, వస్త్రముల లోపల సన్నని యక్షరములతో గ్రంథములకు గ్రంథములే వ్రాసికొని వచ్చినవారుండిరి. అట్టి వస్త్రములు నేటికిని ప్రదర్శనశాలలలో నున్నవి. భారతదేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు వెలసినవి. పరీక్షలో నెగ్గినవానికి పట్టము, పట్టమున్నవానికి ఉద్యోగము అను క్రమము నాటినుండి స్థిరపడెను. పట్టము పొందుట ముఖ్యమై చదువుట గౌణమగుటకు అంకురము ఇచ్చటనే పడెను.

నిజాము రాష్ట్రమున పరిస్థితి మరియొక తీరుగా నుండెను. రాజభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. తెలుగు చదివినవానికి సర్కారు కొలువులో దక్కు లాభము స్వల్పము. అయినను 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు మొదలగువారు దానికి పూనుకొనిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1906లో చరిత్ర, ప్రకృతిశాస్త్రాదులను తెలుగున ప్రకటించుటకు విజ్ఞానచంద్రికా మండలి పుట్టినవి. ప్రస్తుతము సంగారెడ్డి జిల్లాలోనున్న జోగిపేటలోనే 1930లో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. దానితో కూడ నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. తెలంగాణమున కవులే లేరను మాటకు జవాబుగా ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. లేరన్నవానితో కేవలము వాదింపక, ఊరూరినుండి ఆధారములు సేకరించి యెదుట పెట్టెను. మల్లినాథుని నియమము ఐదువందల యేండ్ల పిదప ఈ గడ్డమీద మరల ఫలించెనని చెప్పవచ్చును.

ఆ గ్రంథాలయములకు వచ్చినవారికి ఎవరును మార్కులు వేయలేదు, యోగ్యతాపత్రము లీయలేదు. నూనెదీపపు వెలుగున ఒకడు చదువగా పదిమంది వినెడివారు. మార్కులు లేనిచోట చూచివ్రాయుట యుండదు. అచట చదివినవాడు చదివినంత, వినినవాడు వినినంత పొందెడివాడు. గ్రంథాలయోద్యమము తెలుగువారికి చేసిన మేలులలో ఇది తక్కువది కాదు.

ముద్రయు లోహమును

సంగారెడ్డి సమీపమునగల కొండాపురము శాతవాహనుల కాలపు పట్టణము. అచటి త్రవ్వకములలో నాణెములు విస్తారముగా దొరికినవి. పటాన్‌చెరు కళ్యాణి చాళుక్యుల శాసనములలోని పొట్టలకెరెయని చరిత్రకారులు గుర్తించిరి. ఇంతటి ప్రాచీనత గల సీమ కొంతకాలము జొన్నచేల నడుమ నిద్రించి, 1960 దశకమున చెకోస్లొవేకియా సహాయముతో రామచంద్రాపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వెలయుటతో మేలుకొనెను. 1970 దశకమునుండి పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారములలో పారిశ్రామికవాడలు పెరిగినవి. 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థయగు ఇక్రిసాట్ పటాన్‌చెరులో వెలసినది. 2008లో ఆరంభమైన హైదరాబాదు ఐఐటీ మొదట ఎద్దుమైలారమున నడచి, తరువాత కంది గ్రామమున స్థిరపడెను. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లా యయ్యెను.

పొలము చేయువాని యింట ఉద్యోగము ప్రవేశించినది. ఉద్యోగముతో కూడ యోగ్యతాపత్రమునకు గిరాకి పెరిగినది. కొండాపురపు నాణెమునకు రెండు గుణములుండెడివి. పైనున్న ముద్ర ఒకటి, లోపలి లోహమొకటి. యోగ్యతాపత్రము ముద్ర, చదువు లోహము. ముద్రకే వెల కట్టు సంతలో తప్పుడు నాణెములు పుట్టకపోవు. ఆంధ్రప్రదేశమున పరీక్షలలో సామూహికముగా చూచివ్రాయుట ఎంతగా ప్రబలెననగా, 1997లో ప్రభుత్వ పరీక్షలలో అక్రమములను నివారించుటకు ప్రత్యేక చట్టమునే చేయవలసివచ్చెను. చట్టము వచ్చినను చీటీ రూపు మార్చుకొనెనే గాని పోలేదు. 2016 జూలైలో జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రము ముందే బయటపడగా తెలంగాణ ప్రభుత్వము దానిని రద్దు చేసి, సెప్టెంబరులో మరల పరీక్ష నడిపెను. 2023 ఏప్రిల్ 3న పదవతరగతి పరీక్షల మొదటిదినముననే తాండూరునుండి తెలుగు ప్రశ్నపత్రపు ఫోటో వాట్సాపున వ్యాపించెను. మాతృభాష పరీక్షకే ఈ గతి పట్టినది.

అదే సంవత్సరము మార్చిలో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషను ప్రశ్నపత్రముల లీకు బయటపడి, గ్రూప్-1 ప్రాథమిక పరీక్షతోబాటు పలు పరీక్షలు రద్దయినవి. లక్షలాది నిరుద్యోగులు కోచింగు ఫీజులకు చేసిన అప్పులు మాత్రము రద్దు కాలేదు. దర్యాప్తులో ఒక క్రొత్త సంగతి వెలువడెను. సహాయక కార్యనిర్వాహక ఇంజనీరు, డివిజనల్ అకౌంట్సు అధికారి పరీక్షలలో ప్రశ్నపత్రపు ఫోటోను పరీక్షాకేంద్రమునుండి తెప్పించుకొని, చాట్‌జీపీటీ నడిగి జవాబులు సేకరించి, చెవిలో దాచిన బ్లూటూత్ పరికరముల ద్వారా అభ్యర్థులకు వినిపించిరని పోలీసుల ప్రత్యేక దర్యాప్తు బృందము ఆరోపించెను. ఆ సాధనము ప్రజలలోనికి వచ్చి మూడు మాసములైన నిండకముందే ఈ పని జరిగెననుట గమనింపదగినది. ఆ పరీక్షలు దేనికొరకు? ఒకటి కట్టడములను, కాలువలను నిర్మించు ఇంజనీరు పదవికి. రెండవది ప్రభుత్వ ధనపు లెక్కలను సరిచూచు పదవికి. ఇతరుల లెక్కలలోని దొంగపద్దులను పట్టుకొనవలసిన కుర్చీలోనికి దొంగజవాబుతో ప్రవేశింప జూచుటకంటె విపరీతమేమున్నది?

2024లో భారత ప్రభుత్వము పరీక్షలలో అక్రమములను నివారించు చట్టమును అమలులోనికి తెచ్చెను. ముఠాలు కట్టి నేరము చేయువారికి పది సంవత్సరములవరకు కారాగారమును, కోటి రూపాయలకు తక్కువ గాని జుల్మానాయు అందు విధింపబడినవి. ఇది మేలే. కాని దొంగను పట్టుకొన్నంతమాత్రమున ఇంట ధాన్యము పండదు.

రశీదు లేని జమాఖర్చు

ఇక యంత్రపు స్వరూపమును కొంచెము తెలిసికొనవలయును. ఇది కోట్లకొలది పుటల వ్రాతలను చూచి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుట సహజమో లెక్కించి వాక్యములు కూర్చును. దాని నేర్పు ఆశ్చర్యకరము. అలసట, విసుగు లేక పదిసార్లడిగినను చెప్పును. పేదవాని బిడ్డకు ట్యూషను మాష్టరువలె ఉపకరింపగలదు. అయితే దానికొక దోషము కలదు. నిజమును చెప్పునపుడును, లేనిదానిని కల్పించునపుడును దాని కంఠస్వరము ఒక్కటే. జమాఖర్చు పుస్తకములో అంకెలు ముత్యములవలె వ్రాసియుండి, మొత్తములు సరిగా కలిసియుండి, వెనుక రశీదులు మాత్రము లేకున్న నెట్లుండునో, యంత్రపు తప్పుడు జవాబు అట్లుండును. చూపునకు దోషము కనబడదు. రశీదు అడిగిననాడే బయటపడును.

2023 జూన్ మాసమున అమెరికాలోని న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానమున ఇట్లే జరిగెను. ఇరువురు న్యాయవాదులు చాట్‌జీపీటీ యిచ్చిన పూర్వపు తీర్పులను సరిచూడక తమ వాదపత్రములో ఉదాహరించిరి. ఆ తీర్పులు ఏ న్యాయస్థానమునందును లేవని తేలెను. న్యాయమూర్తి వారికిని, వారి సంస్థకును ఐదువేల డాలర్ల జుల్మానా విధించెను. ఆ న్యాయవాదులు చదువురానివారు కారు. మూలమును తెరచి చూచు అలవాటును ఆ యొక్కసారి విడిచిరి. అంతటి వారికే ఇట్టి పాటు కలుగగా, మూలమును చూచు అలవాటే యింకను పడని బాలుని గతి యేమి? తప్పును తప్పని గుర్తింపవలెనన్న ముందు ఒప్పును కొంత నేర్చియుండవలయును గదా. యంత్రమున్నది గనుక చదువక్కరలేదను వాదము ఇచ్చట తలక్రిందులగుచున్నది. యంత్రమున్నది గనుకనే చదువు మరింత అక్కర.

అంతమాత్రమున యంత్రమును దూషించి త్రోసివేయుట వివేకము కాదు. 2016లో ఇక్రిసాట్, మైక్రోసాఫ్టు సంస్థలు కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున 175 మంది వేరుసెనగ రైతులకు, విత్తనము వేయదగిన దినమును సెల్‌ఫోనులకు తెలుగులో తెలుపు ప్రయత్నము చేసినవి. ఆ రైతులకు సగటున నూటికి ముప్పదివంతుల దిగుబడి పెరిగినదని ఆ సంస్థ ప్రకటించెను. ఆ సలహా గాలిలోనుండి పుట్టలేదు. దాని వెనుక దశాబ్దముల వర్షపాతపు లెక్కలున్నవి. ఏండ్ల తరబడి ఏ నాటి వాన ఆ నాడే కొలిచి వ్రాసియుంచిన ఉద్యోగుల శ్రద్ధ యున్నది. యంత్రము దినమును చెప్పెను. నేలలో పదును చూచి విత్తినవాడు రైతే. 2019లో కంది ఐఐటీలో కృత్రిమ మేధలో బి.టెక్. పాఠక్రమము ఆరంభమైనది, దేశమున అట్టి పాఠక్రమములలో అది మొదటిది. ఆ యంత్రములను నిర్మింపదలచిన విద్యార్థులు గణితమును, సంభావ్యతను, క్రమమగు తర్కమును కష్టించి నేర్వవలసియున్నది. యంత్రమును చేయువారు చదువుచుండగా, వాడువారు చదువు మానినచో యజమానులెవరో, సేవకులెవరో చెప్పనక్కరలేదు.

పరిశ్రమల గడ్డకు హెచ్చరిక

ఈ ప్రాంతమునందు నకలు చదువు కేవలము నీతిపాఠమునకు సంబంధించిన విషయము కాదు. ఇచటి కర్మాగారములలో ఔషధములు, రసాయనములు తయారగుచున్నవి. ఒక పాత్రలో వేడి యెంత పెరుగవచ్చునో, ఏ ద్రావకము ప్రక్కన ఏది యుంచరాదో, ఏ ధూళి నిప్పురవ్వ తగిలిన ప్రేలునో తెలిసినవారు అచట ఉండవలయును. 2025 జూన్ 30న పాశమైలారములోని యొక ఔషధ సంబంధమైన కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా మరణించిరి. వారిలో పలువురు దూరరాష్ట్రములనుండి కూటికై వచ్చిన శ్రామికులు. ఆ దుర్ఘటనకు బాధ్యులెవరో నిర్ణయించుట విచారణాధికారుల పని. చదువుల మోసమే దానికి కారణమని ఇచట చెప్పుట లేదు. నిప్పుతోను, విషముతోను పనిచేయుచోట తెలివికి గల విలువ యేమో ఆ దినము జిల్లా యంతటికిని తెలిసినదని మాత్రము చెప్పవలయును. ప్రమాదగంట మ్రోగినపుడు సెల్‌ఫోను తీసి ప్రశ్న టైపు చేయుటకు వ్యవధి యుండదు. ఆ క్షణమున అక్కరకు వచ్చునది లోపలనున్న చదువొక్కటే. చూచివ్రాసి నెగ్గిన పర్యవేక్షకుని క్రింద పనిచేయువాడు వేరొకరి బిడ్డ యని ప్రతి విద్యార్థియు తలపవలయును.

మరల విత్తవలసిన విత్తనము

కర్తవ్యమేమి? చరిత్రలోనే సాధనములు కనబడుచున్నవి. అవధానసభనుండి ఎదురుప్రశ్నను, ధారణను తీసికొనవచ్చును. ఇంటివద్ద వ్రాసికొని తెచ్చిన వ్యాసమునకు మార్కులు వేయుటకు ముందు, నీవు వ్రాసినదానిని పుస్తకము మూసి నీ మాటలలో చెప్పుమని ఉపాధ్యాయుడు ఐదు నిమిషములు అడిగినచో అసలేదో నకలేదో తేలిపోవును. చదువురాని తల్లియైనను బిడ్డను ఈ రోజు ఏమి నేర్చితివో నాకు తెలియునట్లు చెప్పుమని యడుగవచ్చును, పృచ్ఛకురాలగుటకు పట్టమక్కరలేదు. మల్లినాథునినుండి ఆధారనియమమును తీసికొనవచ్చును. లెక్కను మొదట తానే చేసి, చిక్కుపడినచోట యంత్రము నడిగి, యంత్రము చెప్పినదానిని మరల పుస్తకములో సరిచూచుకొను బాలునికి యంత్రము వ్యాఖ్యాత యగును. మొదటనే దానిచేత వ్రాయించుకొనువానికి అది దొంగచీటీ యగును. సాధనమొక్కటే, వాడుక వేరు.

సరిచూచుకొనుటకు మూలము ఒకచోట ఉండవలయును గదా! అదియే గ్రంథాలయము. బీరువాలోని పుస్తకమునకు కర్త పేరు, ముద్రణ సంవత్సరము, పుటసంఖ్య కలవు. అది తప్పు చెప్పినచో ఎవరు ఎప్పుడు చెప్పిరో పట్టుకొని యడుగవచ్చును. నిఘంటువు, భూగోళపటము, ప్రాంతీయ చరిత్రలు, శాస్త్ర వాచకములు, ప్రమాణ గ్రంథములు ఉన్న యొక గది, ఒక బల్ల, సాయంకాలమున వెలుగు దీపము ఉన్నంతకాలము ఆ గ్రామమున అసలు పత్రము భద్రముగా నున్నట్లే.

పటాన్‌చెరులోని ఇక్రిసాట్ బీజనిధిలో జొన్న, సజ్జ, సెనగ, కంది, వేరుసెనగ మొదలగు పంటలకు చెందిన 1,20,000కు పైగా విత్తనపు రకములు శీతలగదులలో భద్రపరుపబడియున్నవి. ఎంత చల్లదనమున దాచినను విత్తనము నిరంతరము బ్రతుకదు. అచటివారు నిర్ణీతకాలమునకు మొలకశక్తిని పరీక్షింతురు. అది తగ్గినచో ఆ విత్తనమును తీసి పొలమున విత్తి, క్రొత్త గింజలను పండించి మరల దాచుదురు. విద్యయు అట్టిదే. గ్రంథములలో నున్నను, యంత్రములలో నున్నను అది దాచిన విత్తనము మాత్రమే. ప్రతి తరమునను, ప్రతి బాలుని మనస్సనెడు చేనిలోను దానిని మరల విత్తి, చెమటోడ్చి పండింపవలసినదే. తండ్రి చదువు కుమారునికి కౌలుగా రాదు. యంత్రపు తెలివి మనుష్యునికి పట్టాగా రాదు.

ఇరువదియైదు సంవత్సరములు ఈ విత్తనములను కాపాడిన గ్రంథాలయమును, దానికి చందాలిచ్చినవారిని, తాళముచెవి చేతబట్టి వేళకు తలుపు తెరచినవారిని గ్రామము కృతజ్ఞతతో స్మరింపవలయును. స్వర్ణోత్సవమునాటికి ఇంతకంటె చతురములైన యంత్రములు రాగలవు. ఆ దినమునను ఇచటి బల్లయొద్ద ఒక బాలిక పుస్తకమునకు ప్రక్కన యంత్రమును పెట్టుకొని, ఇది నిజమేనా, దీనికి ఆధారమేదని యడుగుచుండినచో, ఈ గ్రంథాలయమును నెలకొల్పినవారి శ్రమ సార్థకమైనదని నిశ్చయింపవచ్చును.